విదేశీ బృందం మన ఊరికొస్తానంటే: శ్రమదానమా, ఇంటి బసా, ఆర్నెల్ల మనిషా?

మన ఊరికీ విదేశంలోని ఓ ఊరికీ స్నేహం కుదిరాక అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేం పన్నెండు మందిమి రెండు వారాలు వస్తాం, మీకేం చేసి పెట్టమంటారు?" ఇటువైపు కమిటీ కూడా పెద్దగా ఆలోచించదు, "బడి గోడలకు రంగులేయండి" అని రాసేస్తుంది. ఏ పని అన్నది తర్వాతి మాట. ముందు తేల్చుకోవాల్సింది వాళ్లు ఏ పద్ధతిలో రావాలన్నది.

పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది శ్రమదాన శిబిరం: పది పదిహేను మంది వచ్చి, ఒకేచోట బస చేసి, రెండు మూడు వారాలు ఏదో ఒక పని చేసి వెళ్తారు. రెండోది ఇంటి బస: ఆరుగురో ఎనిమిది మందో వచ్చి మన ఇళ్లల్లో ఉంటారు, ఏడాది తిరక్కుండా మనవాళ్లు వెళ్లి వాళ్ల ఇళ్లల్లో ఉంటారు. మూడోది ఒక్క మనిషి. చేతిలో విద్య ఉన్నవాళ్లు, మూడు నుంచి ఆరు నెలలు. కొత్తగా మొదలయ్యే స్నేహానికి రెండోదే మేలు. ఎందుకో చెప్పే ముందు, అందరూ ఎగబడే మొదటి పద్ధతి సంగతి చూద్దాం.

శ్రమదానం: ఫొటోలో బాగుంటుంది

శిబిరాల చరిత్ర చిన్నదేం కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ 1920లో, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్స్ పల్లెను తిరిగి కట్టడానికి, వెర్దూన్ దగ్గర పలు దేశాలవాళ్లతో తొలి శిబిరం పెట్టాడు. 1934లో బిహార్ భూకంపం తర్వాత ఆయనే అక్కడికొచ్చి ఊళ్లు కట్టే పనిలోకి దిగాడు. అక్కడ ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయి, ఎన్ని చేతులున్నా చాలని రోజులు. మన ఊళ్లో ఇవాళ గోడకు రంగు వేసే మనిషికి కరువు లేదు.

లెక్క వేసి చూడండి. మనిషికి విమానం చార్జీ 80 వేలు అనుకుంటే పన్నెండు మందికి 9 లక్షల 60 వేలు. పెయింటర్ కూలి రోజుకు వెయ్యి అనుకుంటే అది 960 పనిదినాల సొమ్ము. పని కోసమే రమ్మంటే ఇంత దండగ బేరం ఇంకోటి ఉండదు.

పైగా పని చెడేది ఎక్కడో చెప్పాలి. పాత బడి గోడలకు చాలాచోట్ల ఏళ్ల తరబడి వేసిన సున్నం పొరలుంటాయి. వేలితో రుద్దితే తెల్లగా పొడి రాలుతుంది. దాని మీద నేరుగా ఎమల్షన్ పూస్తే రంగు పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. ఒక్క వానాకాలం గడిస్తే అప్పడంలా లేచి పెచ్చులూడుతుంది. సున్నం పూర్తిగా గోకి, తడిపి కడిగి, కనీసం రెండు రోజులు ఆరనిచ్చి, గుంటలకు లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ ఒక కోటు, ఆపైన రంగు రెండు కోట్లు. రెండు వారాల శిబిరంలో మొదటి వారమంతా గోకుడే. ఆ మాట ముందే చెప్పకపోతే, బొమ్మలు వేద్దామని వచ్చిన కుర్రాళ్లు మూడో రోజుకే నీరసపడి పచ్చి గోడ మీదే చెట్టూ, గ్లోబూ గీసేస్తారు. గోకుడూ లప్పం పనీ వాళ్లు రాకముందే స్థానిక మేస్త్రీతో చేయించి, చివరి కోటూ బొమ్మలూ మాత్రం అతిథులకు వదలండి. మేస్త్రీ కూలి శిబిరం ఖర్చులోనే రాయండి.

శిబిరం పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. రోడ్డు పక్క మొక్కలు నాటడం, ఆటస్థలం చదును చేయడం లాంటి, నైపుణ్యం అక్కర్లేని, ఊరి యువత సగానికి సగం కలిసి చేసే పని. పన్నెండు మంది విదేశీయులకు పన్నెండు మంది మనవాళ్లు లేకపోతే ఒప్పుకోకండి. లేదంటే మనవాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తారు, వాళ్లు ఎండలో తవ్వుతారు. ఇద్దరికీ ఇబ్బందే.

అనాథ పిల్లల హాస్టళ్లలో "రెండు వారాలు పిల్లలతో గడపడం" అనే శిబిరాన్ని మాత్రం ఎంత డబ్బొచ్చినా ఒప్పుకోవద్దు. ప్రతి పదిహేను రోజులకూ ఒక కొత్త అక్క వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే పిల్లలు పడే నలుగుడు మాటల్లో చెప్పలేం. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం అలాంటి పిల్లల పేరూ ఫొటో బయటపెట్టడం నేరం కూడా.

ఇంటి బస: కష్టమంతా వంటింట్లో

ఇందులో "చేసి పెట్టేవాడు, చేయించుకునేవాడు" అన్న తేడా ఉండదు. ఇవాళ నా ఇంట్లో తిన్నవాడి ఇంట్లో రేపు నేను తింటాను. కొత్త స్నేహానికి ఇదే మేలన్నది అందుకే. అలాగని ఇది తేలికేం కాదు.

మొదటి తగవు ఎవరింట్లో దించాలన్న దగ్గరే. వదిలేస్తే అతిథులంతా మేడలున్న నాలుగిళ్లలోనే తేలతారు. పది రోజులున్నా ఎస్సీ కాలనీ వైపు ఫొటోలకు తప్ప వెళ్లరు. ఊరంటే ఆ నాలుగిళ్లే అనుకుని వెళ్లిపోతారు. ఎనిమిది మంది వస్తే నాలుగిళ్లు, ఇంటికి ఇద్దరు. అందులో కనీసం ఒకటి కాలనీలో ఉండాలి, రాత్రి బసతో సహా. ఈ షరతు మొదటి సమావేశంలోనే మినిట్స్‌లో రాసుకోండి. తర్వాత అడిగితే "అక్కడ బాత్రూం సరిగా లేదండీ" అంటారు. లేకపోతే ఆ బాత్రూమే బాగుచేయించండి. అతిథులు వెళ్లాక కూడా అది ఆ ఇంటికే ఉంటుంది.

రెండోది ఆడవాళ్ల మీద పడే చాకిరి. మర్యాద పేరుతో పొద్దున నాలుగింటికి లేచి మూడు రకాల టిఫిన్లు చేసే ఇల్లాలు ఐదో రోజుకు జ్వరంతో పడుకుంటుంది. పొద్దున టిఫినూ రాత్రి భోజనం మాత్రమే ఇంట్లో పెట్టండి. మధ్యాహ్నం బడిలోనో కమిటీ హాల్లోనో, కూలి ఇచ్చి పెట్టుకున్న వంటమనిషితో. నాలుగు రాత్రులకొకసారి ఇళ్లు మార్చండి. మొదటి మూడు రోజులు పప్పు, పెరుగన్నం, ఇడ్లీ, కారం లేని వేపుడు. గోంగూర పచ్చడి నాలుగో రోజు నుంచి. తాగడానికి 20 లీటర్ల క్యాన్ నీళ్లు, పళ్లు తోముకోవడానికి కూడా అవే. ఇంటివాళ్లు ఆపకుండా వడ్డిస్తూనే ఉంటారు, వాళ్లు మొహమాటానికి తింటూనే ఉంటారు. అందుకే దిగిన రోజే వాళ్లకు నేర్పాల్సిన మొదటి తెలుగు మాట "చాలు", చేత్తో విస్తరి మీద అడ్డం పెట్టి మరీ.

ఎప్పుడు రమ్మనాలి? ఐరోపావాళ్లకు సెలవులు జులై, ఆగస్టుల్లో. మనకవి నాట్ల రోజులు, ఇంట్లో ఎవరూ ఉండరు. ఏప్రిల్, మే ఎండలు వాళ్లు తట్టుకోలేరు. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరిదాకా సరైన కాలం. కోతలైపోయి చేతిలో తీరిక ఉంటుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదలైతే మళ్లీ కుదరదు.

ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది తిరుగు ప్రయాణంలో. వాళ్లొచ్చి వెళ్తారు, మనవాళ్లకు వీసా రాదు, స్నేహం ఒంటికాలి మీద ఆగిపోతుంది. కాబట్టి ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. మొదటి చిక్కు పాస్‌పోర్టు. అందులో పొడి అక్షరాలు చెల్లవు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. ఆధార్‌లో "కె." అనీ, పదో తరగతి మెమోలో మొత్తం ఇంటిపేరూ ఉంటే ముందు ఆధార్ దిద్దించుకోవాలి. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు 30 వేల యూరోల బీమా తప్పనిసరి, పెద్దలకు ఫీజు 90 యూరోలు, దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆతిథ్యం ఇచ్చేవాళ్లు స్పెయిన్‌లో ఉంటే అక్కడి పోలీసు కార్యాలయం నుంచి ఆహ్వాన పత్రం తీయాలి. మామూలు ఈమెయిల్ సరిపోదు. వెనక్కి వస్తారా అన్న అనుమానమే ఎక్కువ తిరస్కరణలకు మూలం. పట్టాదారు పాస్‌పుస్తకం, డ్వాక్రా సంఘం ఖాతా, పిల్లల బడి సర్టిఫికెట్ ఇంగ్లీషు అనువాదంతో జతచేస్తే దరఖాస్తుకు బలం వస్తుంది. బృందంలో ప్రభుత్వ టీచరు ఉండి, అక్కడి ఖర్చు విదేశీయులు పెట్టుకుంటుంటే, శాఖ అనుమతితో పాటు విదేశీ ఆతిథ్యానికి అనుమతి కోరే ఎఫ్‌సీ-2 ఫారం కూడా కేంద్ర హోంశాఖకు కనీసం రెండు వారాల ముందు చేరాలి. చాలామందికి ఇది తెలియనే తెలియదు.

ఆర్నెల్ల మనిషి: అవసరం స్పష్టంగా ఉంటేనే

ఫిజియోథెరపిస్టు, బావుల నీటిమట్టం కొలిచి లెక్కగట్టే ఇంజినీరు, చెవిటి పిల్లల టీచరు. ఇలాంటివాళ్లు ఒక్కరొస్తే పన్నెండు మంది శిబిరం కంటే పదింతలు మేలు, ఒక షరతు మీద: వాళ్ల పక్కన మొదటి రోజు నుంచీ నేర్చుకునే స్థానిక మనిషి ఒకరు జీతంతో ఉండాలి. లేకపోతే ఆరో నెల చివర విద్య కూడా సూట్‌కేసులో సర్దుకుని విమానం ఎక్కుతుంది. మొదటి మూడు వారాలు తెలుగు నేర్చుకోవడానికే వదిలేయండి. డాక్టర్లయితే ఇక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా రోగి మీద చెయ్యి వేయకూడదు.

భాష విషయంలో అనంతపురం ఉదాహరణ చూడాలి. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పేదల కోసం పని మొదలుపెట్టాక స్పెయిన్ దాతలు ఆ పల్లెలకు వస్తూనే ఉన్నారు. ఆయన పెట్టిన సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థానిక యువతకు విదేశీ భాషలు నేర్పే బడే పెట్టింది. అనువాదకుడు ఊరివాడైతే మాట మారదు, మనసూ నొచ్చుకోదు.

కాగితాలు, డబ్బు

ఈ-టూరిస్టు వీసా మీద జీతం, ప్రతిఫలం ఏమీ లేకుండా గరిష్ఠంగా నెల రోజులే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. మొదటి రెండు పద్ధతులకు అది చాలు. ఆర్నెల్ల మనిషి దాని మీద రాకూడదు, సంస్థ పేరుతో ఉపాధి వీసా కావాలి. విదేశీయులు ఎవరింట్లో దిగినా 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో తెలపాలి, అందరూ ఫారం-సి అనేది దీన్నే. నాలుగిళ్లంటే నలుగురు యజమానుల పేర్లతో. ఒకరికి ఈ పని అప్పగించి, పాస్‌పోర్టు, వీసా కాపీలు వాళ్లు బయల్దేరకముందే తెప్పించుకోండి.

వెళ్లేముందు అతిథులు కవర్లో పెట్టి ఇచ్చే డబ్బుతోనే ప్రమాదం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేని ఊరి సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. "పక్క మండలం సంస్థ ఖాతాలో వేయించుకుని మనం తెచ్చుకుందాం" అన్న పాత దారి 2020 సవరణతో మూసుకుపోయింది. ఒక సంస్థకొచ్చిన విదేశీ నిధి ఇంకో సంస్థకు మళ్లించకూడదు. తిండికీ బసకూ అయిన ఖర్చు వేరు, విరాళం వేరు. మొదటిదానికి బిల్లు రాసివ్వండి, రెండోది రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే ఖర్చు పెట్టేలా ముందుగా మాట్లాడుకోండి. ఒక పిల్లాడికి ఫోన్ కొనిచ్చి వెళ్తే మిగతా ముప్పై మంది మొహాలు వేలాడతాయి కాబట్టి, కానుకలేవైనా బడికీ లైబ్రరీకీ మాత్రమేనని ఆహ్వానంలోనే రాసేయండి.