ముద్దకట్టే చిన్న ఎంజైముకు స్ఫటికమా, ఎన్‌ఎమ్‌ఆరా: ఏది మేలు?

వంద అమైనో ఆమ్లాలకు అటూ ఇటూగా ఉండే ఒక చిన్న బ్యాక్టీరియా ఎంజైము మీ చేతిలో ఉందనుకోండి. పలచగా ఉన్నంతసేపు ద్రావణం తేటగా ఉంటుంది. గాఢత పెంచగానే గొట్టంలో తెల్లటి మబ్బు కమ్ముతుంది. దీని ఆకారం తెలియాలి, ఇది ఎందుకు ముద్దకడుతున్నదో కూడా తెలియాలి. స్ఫటికం కట్టించి ఎక్స్‌రే కిరణాల ముందు పెట్టడం ఒక దారి. ద్రావణంగానే ఎన్‌ఎమ్‌ఆర్ అయస్కాంతంలోకి దించి, పరమాణు కేంద్రకాలు ఇచ్చే సంకేతాలను చదవడం ఇంకో దారి. రెండు ప్రశ్నలకూ ఒకే దారి చాలుననుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ఆకారం ఒక్కటే కావాలంటే నాకు సందేహం లేదు, స్ఫటికమే. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్‌ను స్ఫటికంగా రాబట్టాకే ఎంజైములు ప్రొటీన్లన్న వాదనకు బలం వచ్చింది. 1965లో 129 అమైనో ఆమ్లాల లైసోజైము ఆకారం బయటపడింది. ఎక్స్‌రేలతో గుట్టు విప్పిన మొదటి ఎంజైము అదే. చిన్న ఎంజైములు స్ఫటికానికి తరచుగా లొంగుతాయి. ఒక్కో ప్రయత్నానికి మైక్రోలీటరు చుక్క సరిపోతుంది, ఎన్‌ఎమ్‌ఆర్‌లోలా ఐసోటోపుల ఖర్చు లేదు. ఉత్ప్రేరక స్థానంలో ఏ నీటి అణువు ఎక్కడ కూర్చుందో, ఏ అయాను ఏ గొలుసును పట్టుకుందో ఇంత నిక్కచ్చిగా చూపే పద్ధతి మరొకటి లేదు. స్ఫటికమంటే ఎండిపోయిన రాయి అనుకోనక్కరలేదు. ప్రొటీన్ స్ఫటికంలో ఇంచుమించు సగం ద్రావణమే, అందులో చాలా ఎంజైములు పని కూడా చేస్తాయి.

ముద్దకట్టే ప్రొటీను స్ఫటికం కట్టదని తొలి మబ్బుకే చేతులెత్తేసేవారున్నారు. అది తొందరపాటు. స్ఫటికమూ ముద్దా ఒకే తల్లి పిల్లలు. అణువుల మధ్య ఆకర్షణ లేకపోతే రెండూ పుట్టవు. ఆ ఆకర్షణను కొలిచే రెండో విరియల్ గుణకం స్వల్పంగా రుణాత్మకంగా ఉన్నప్పుడు స్ఫటికాలు వస్తాయనీ, మరీ కిందికి దిగితే క్రమం లేని అవక్షేపమే మిగులుతుందనీ జార్జ్, విల్సన్ 1994లో చూపారు. అంటే చుక్కలో తెల్లటి పొరలు కనబడితే ఆకర్షణ కాస్త ఎక్కువైందని అర్థం. లవణం, పీహెచ్, ఉష్ణోగ్రత మార్చి దాన్ని వదులు చేయవచ్చు.

ఇక రెండో ప్రశ్న. స్ఫటికం చూపేది వరుసలో బుద్ధిగా నిలబడిన అణువులను. ముద్దకట్టడం మొదలుపెట్టేది చాలాసార్లు ఆ వరుసలో నిలవని భాగం. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సల్ఫోలోబస్ సోల్ఫటారికస్ అసైల్‌ఫాస్ఫటేజు. ఆ జీవి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే తెగ సూక్ష్మజీవి. అయినా ఎంజైము మడత బ్యాక్టీరియా బంధువులదే. దీన్ని రెండు పద్ధతుల్లోనూ పరిశీలించారు. పూర్తి ప్రొటీను ఎన్‌ఎమ్‌ఆర్‌కు వెళ్లింది. 1.27 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఈ సంఖ్య ఎంత చిన్నదైతే చిత్రం అంత స్పష్టం) అద్భుతమైన స్ఫటికచిత్రం మాత్రం మొదటి 12 అమైనో ఆమ్లాలు తీసేసిన రూపానిది. తీరా చూస్తే, ట్రైఫ్లోరోఇథనాల్ అనే ద్రావకం కలిపినప్పుడు ఆ ఎంజైము ముద్దకట్టడానికి ముఖ్య కారణం ఆ తీసేసిన ముక్కే, అంటే దాని తోకే! ఆకారం లేని ఆ తోక అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఆసరా ఇస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ తొలి ముద్దల్లో ఎంజైము ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. విప్పుకున్నాకే ప్రొటీన్లు ముద్దకడతాయన్న పాత నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. స్ఫటికాన్నే నమ్ముకున్నవారు నేరస్థుడిని గది బయటికి పంపించి విచారణ జరిపినట్టే.

ఎన్‌ఎమ్‌ఆర్‌లో తోక దాగదు. నైట్రోజన్-15 అనే బరువైన ఐసోటోపుతో గుర్తు వేసిన ప్రొటీనులో ప్రోలీన్లు తప్ప దాదాపు ప్రతి అమైనో ఆమ్లానికీ గొలుసు వెన్నెముక నుంచి ఎన్‌ఎమ్‌ఆర్ పటంలో ఒక చుక్క వస్తుంది. ఏ చుక్క కదిలింది, ఏ హైడ్రోజన్ భారజలంతో త్వరగా మారిపోయింది అన్నది చూస్తే, ఆకారం ఎక్కడ క్షణకాలం సడలుతున్నదో తెలుస్తుంది. లోపాలూ చిన్నవి కావు. మైక్రోలీటర్లు కాదు, వందల మైక్రోలీటర్ల గాఢ ద్రావణం కావాలి. అది గంటలు, ఒక్కోసారి రోజులు తేటగా నిలవాలి. ముద్దకట్టే ప్రొటీనుకు ఇదే కఠిన పరీక్ష. పైగా ముద్ద పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది, దాని సంకేతాలు వెడల్పై మాయమవుతాయి. మిగిలేది విడి అణువుల చుక్కలే. ముద్దకు కాసేపు అంటుకుని తిరిగివచ్చిన అణువులు మోసుకొచ్చే జాడను పట్టే ప్రయోగాలున్నాయి గానీ, అవి తొలి నెలలో చేసే పని కాదు.

స్ఫటికానికి అన్యాయం చేయకూడదు. 110 అమైనో ఆమ్లాల బార్నేజు అనే బ్యాక్టీరియా ఎంజైము విషయంలో 1999లో అదే ఒక దారి చూపింది. మూడు అణువులు గుండ్రంగా చేరి, ఒకదాని మొదటి 36 అమైనో ఆమ్లాల ముక్కను పక్కదాని మిగతా భాగంతో జతచేసుకున్న రూపం 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద కనబడింది. మడత మారలేదు, చేతులు మారాయి. అణువులు గొలుసు కట్టగల ఒక తీరు ఇది.

మిగతా రెండు మార్గాలకు ఎక్కువ మాటలు అక్కరలేదు. అమైనో ఆమ్లాల వరుసను బట్టి ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాము గంటలో నమూనా ఇస్తుంది, తోక మీద నమ్మకం తక్కువని తానే చెబుతుంది. ఏ మార్పుకు ముద్దకడుతుందో మాత్రం చెప్పదు. గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్లతో చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పది పన్నెండు కిలోడాల్టన్ల (వంద అమైనో ఆమ్లాలంత బరువు) విడి ఎంజైము మరీ చిన్నది. అదే ఎంజైము పోగులుగా పేరుకుంటే ఆ పోగులను చూడటానికి దానికి సాటి లేదు.

ఎస్చెరీషియా కోలై బ్యాక్టీరియాలోని హైప్‌ఎఫ్ అనే ప్రొటీను మొదటి భాగం కథ మాత్రం అందరికీ చురక. స్ఫటికచిత్రం 2002లోనే వచ్చింది. ఆ భాగమే వేర్వేరు పరిస్థితుల్లో రెండు రకాల చిన్న ముద్దలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి కణాలకు విషం, మరొకటి కాదు. నీటికి దూరంగా ఉండాల్సిన భాగాలు విషపు రకంలో వదులుగా, రెండోదానిలో బిగువుగా ఉండటమే తేడా. స్ఫటికంలోని చక్కటి మడతను ఎంత చూసినా అది తెలియదు.

అందుకే, ముద్దకట్టడమే ప్రశ్న అయితే నా ఓటు ఎన్‌ఎమ్‌ఆర్‌కే. ముందు నైట్రోజన్-15 ఒక్కటే వేసి ఒక పటం తీయండి, చుక్కలు విడివిడిగా ఉన్నాయో లేదో ఒక్క రోజులో తేలిపోతుంది. స్ఫటికాన్ని తర్వాత చేపట్టండి. దానికోసం తోక కత్తిరించాల్సివస్తే, కత్తిరించని ప్రొటీనును కూడా కొంత శీతలంలో భద్రపరచి, రెండింటినీ ఒకే గాఢతలో పక్కపక్కన పెట్టి ఏది ముందు మబ్బు పడుతుందో చూడండి.