యూనివర్సల్ క్రెడిట్‌తో ఇల్లు నడిపిన అనుభవం: సమీక్ష

బ్రిటన్‌లో ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌ను నేను చాలా ఏళ్లుగా తీసుకుంటున్నాను. భర్త నుంచి విడిపోయాక, ఒక కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ పని చేస్తూ పాపను పెంచుకుంటున్న నాకు ఈ సాయం లేకపోతే అద్దె కట్టడం సాధ్యమయ్యేది కాదు. అయినా, నెల జీతం తప్పకుండా వచ్చేవారి జీవితాన్ని కొలతగా పెట్టుకుని, అలాంటి జీవితం లేనివారి కోసం దీన్ని తయారు చేశారని నా అభిప్రాయం.

2013లో మొదలైన ఈ పథకం అంతకుముందున్న ఆరు రకాల సాయాలను ఒక్కటిగా కలిపింది. ఉద్యోగుల్లాగా నెలకు ఒకసారి డబ్బు అందుకుని ఖర్చు చూసుకోవడం పేదలకు అలవాటు కావాలన్నది రూపకర్తల వాదన. అందుకే దరఖాస్తు పెట్టాక మొదటి చెల్లింపు రావడానికి సుమారు 5 వారాలు పడుతుంది. ఈలోగా అడ్వాన్స్ అడగవచ్చు కానీ అది అప్పు, తర్వాతి నెలల చెల్లింపుల్లోంచి దాన్ని పట్టుకుంటారు. చేతిలో చిల్లిగవ్వ లేక సాయం కోరిన మనిషి మొదటి నెలలోనే బాకీ పడటం ఏ విధంగా క్రమశిక్షణ నేర్పుతుందో నాకు నేటికీ అర్థం కాలేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది నెలవారీ లెక్క. మాకు 4 వారాలకు ఒకసారి జీతం ఇస్తారు కనుక ఏడాదికి 13 జీతాలు వస్తాయి, దాంతో ఏదో ఒక నెల లెక్కలో రెండు జీతాలు పడతాయి. పాప ఉన్నందుకు నా జీతంలో కొంత భాగాన్ని వదిలేసి, మిగిలిన ప్రతి పౌండుకు 55 పెన్స్ చొప్పున సాయం తగ్గిస్తారు. రెండు జీతాల నెలలో కూడా ఆ మినహాయింపు ఒక్కసారే. ఆ నెల స్టేట్‌మెంట్ తెరిస్తే పైన స్టాండర్డ్ అలవెన్స్ (అందరికీ ఇచ్చే మూల మొత్తం), పిల్లల భాగం, అద్దె భాగం ఎప్పటిలాగే వరుసగా ఉంటాయి, కింద జీతం పేరిట వేసిన కోత వాటిలో చాలా భాగాన్ని మింగేసి ఉంటుంది. అద్దె తేదీ మాత్రం జరగదు. 2020లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చాక, నెల జీతం తీసుకునేవారికి ఇలాంటి చిక్కు రాకుండా నిబంధనలు సవరించారు, మాలాంటివారికి ఆ సవరణ వర్తించలేదు.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. పథకం ఖాతాలో ఉండే ఆన్‌లైన్ జర్నల్‌లో మనం అడిగిందీ అధికారులు చెప్పిందీ రాతలో మిగులుతాయి. పిల్లల సంరక్షణ ఖర్చులో, పరిమితికి లోబడి, 85 శాతం వరకు తిరిగి వస్తుంది. 2021 చివర్లో కోతను 63 పెన్స్ నుంచి 55కు తగ్గించాక అదనపు షిఫ్టు చేస్తే చేతికి కాస్త మిగులుతోంది.

డబ్బు కంటే మనుషుల చూపు ఎక్కువ బాధిస్తుంది. 2012లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ తన పార్టీ మహాసభలో, చీకటితోనే పనికి బయలుదేరే ఒక మనిషినీ, బెనిఫిట్స్ (ప్రభుత్వ సాయం) మీద బతుకుతూ కిటికీలు మూసుకుని నిద్రపోయే అతని పొరుగువాణ్నీ పక్కపక్కన నిలబెట్టి మాట్లాడారు. నేను చీకటితోనే షిఫ్టుకు వెళ్తాను, బెనిఫిట్స్ కూడా తీసుకుంటాను. ఈ సాయం పొందేవారిలో దాదాపు మూడో వంతు మంది ఏదో ఒక పని చేస్తున్నవారే.

మనవాళ్లూ ఇందుకు భిన్నంగా లేరు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన నాటి నుంచి మన ఊళ్లలో రేషన్ సరుకులు తెచ్చుకోవడాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారే ఇక్కడ బెనిఫిట్స్ మాట గొంతు తగ్గించి అంటారు. ఒక ఉగాది భోజనాల దగ్గర ఒకావిడ, "మా ట్యాక్సుల డబ్బే కదమ్మా అది" అన్నారు. "నా పేస్లిప్‌లోనూ నేషనల్ ఇన్సూరెన్స్ కోత ఉందండీ" అని నెమ్మదిగానే చెప్పాను. అదీ జీతంలోంచి ప్రభుత్వానికి వెళ్లే డబ్బే.

అవసరం ఉండి కూడా వెనకాడుతున్న తెలుగువారు ముందుగా తమ వీసా షరతులు చూసుకోవాలి, ఎందుకంటే ప్రభుత్వ సాయం తీసుకోరాదన్న షరతు ఉన్నవారు దరఖాస్తు చేయకూడదు. శాశ్వత నివాస అనుమతి ఉండి, పొదుపు 16,000 పౌండ్లకు మించకపోతే, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వారు దరఖాస్తుకు ఉచితంగా సాయపడతారు. ఉద్యోగం పోయినవారు చివరి జీతం ఏ తేదీన పడుతుందో వారితో ముందే చెప్పాలి, దరఖాస్తు పెట్టాక వచ్చే జీతం మొదటి నెల లెక్కలో కలిసి సాయాన్ని తగ్గిస్తుంది.