వరద సాయం: పొట్లాలా, సీఎం సహాయనిధా, స్వచ్ఛంద సంస్థా? ఏది మేలు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు చాలామంది ఒకటే అడిగారు: డబ్బు ఎవరికిస్తే బాధితులకు చేరుతుంది?

మనమే పొట్లాలు కట్టించుకుని వెళ్తే కలిగే తృప్తి వేరు. మొదటి రెండు రోజులు దానికి సాటి కూడా లేదు. కానీ సింగ్‌నగర్‌లో ఏమైంది? ఫ్లైఓవర్ దగ్గర దించిన ఆహారం, పాలు, నీళ్లు ముందు వీధుల వాళ్లకే ఎక్కువగా అందాయి. లోపలి సందుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్లు తాగునీటికి కూడా అల్లాడారు. అందుకే పడవ ఎవరి దగ్గరుందో, ఏ వీధికి ఇంకా అందలేదో కనుక్కోకుండా వండించకండి. చిరిగిన పాత బట్టలైతే అసలు వద్దు, అక్కడివాళ్లకు వాటిని ఏరి పారేసే పని మిగులుతుంది.

ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే మన సొమ్ము ప్రభుత్వ సాయానికి తోడవుతుంది. అప్పట్లో మునిగిన ఇళ్లలో కింది అంతస్తు కుటుంబానికి రూ.25 వేలు, పై అంతస్తుల వారికి రూ.10 వేలు ప్రకటించారు. అంత పెద్ద ఎత్తున ఖాతాల్లో డబ్బు వేయడం ఏ సంస్థ వల్లా కాదు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి ఇచ్చిన సొమ్ముపై నూరు శాతం మినహాయింపు కూడా ఉంది. చాలా సంస్థలకిస్తే సగానికే వస్తుంది. చిక్కల్లా బాధితుల జాబితాతోనే. పేరు ఎక్కలేదని అర్జీ పట్టుకుని తిరిగినవాళ్లు తక్కువేం కాదు.

అలా మిగిలిపోయినవాళ్ల గడప తొక్కగలిగేది ఆ పేటలో మనుషులున్న సంస్థే. నీళ్లు తీశాక ఇంట్లో అడుగు మందం బురద, తడిసిన పరుపులు, పాడైన కుట్టుమిషన్. వార్తల్లో ఊరి పేరు వినబడటం మానేసిన ఆ రోజుల్లోనే డబ్బు అవసరం ఎక్కువ. రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు టార్పాలిన్లు, వంటపాత్రలు ముందే గోదాముల్లో ఉంచుకుంటాయి. ‘ఈ వరదకే వాడాలి’ అని షరతు పెడితే ఆ ముందుచూపుకు డబ్బుండదు. లారీ కిరాయి, సిబ్బంది జీతం చూసి దుబారా అనుకోవడమూ సరికాదు, లెక్కలు బయటపెడుతున్నారా అన్నది చూడాలి.

నా ఓటు పేటలో పనిచేసే సంస్థకే, అదీ షరతు లేకుండా. పన్ను మినహాయింపు ముఖ్యమైతే సహాయనిధి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు మాత్రం డబ్బు పంపేముందు ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉందో లేదో అడగాలి. లేకపోతే వాళ్లు తీసుకోకూడదు.