అపారెల్ ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్ కోర్సు: ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా. బట్టలంటే పిచ్చి ఉన్నవాళ్ల కంటే లెక్కలంటే భయం లేనివాళ్లకే ఈ కోర్సు అచ్చొస్తుంది. ఫ్యాషన్ చదివానంటే మా రాయదుర్గంలో ఇప్పటికీ "మా పాప పెళ్లికి ఒక బ్లౌజు డిజైన్ గీసియ్యమ్మా" అంటారు. నాకు ఈ రోజుకీ బొమ్మ సరిగ్గా వేయడం రాదు. ఎంపీసీ అయ్యాక బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో అపారెల్ ప్రొడక్షన్ చదివా. అక్కడి ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీల్లో ఐఈగా, అంటే ఇండస్ట్రియల్ ఇంజినీరుగా చేసి, ఇప్పుడు హిందూపురం దగ్గర ఒక యూనిట్‌లో ప్లానింగ్ చూస్తున్నా. చదివినదాంట్లో ఏది పనికొచ్చిందో, ఏది పరీక్షతోనే పోయిందో ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

ఫీజు మొత్తానికి న్యాయం చేసింది వర్క్ స్టడీ, అంటే పని జరిగే తీరునూ దానికి పట్టే సమయాన్నీ కొలిచే పాఠం, ఒక్కటే. ఎస్ఎంవీ (స్టాండర్డ్ మినిట్ వాల్యూ) అనే మాట ఈ రంగంలో రోజుకు వందసార్లు వినిపిస్తుంది. ఒక పీసు కుట్టడానికి మామూలు వేగంతో, అలసటకూ దారం తెగడానికీ కొంత వెసులుబాటు ఇచ్చి, ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ లెక్క. ఒక షర్టు ఎస్ఎంవీ 20 అనుకోండి. లైన్‌లో 40 మంది ఆపరేటర్లు, 8 గంటల పని అంటే 19,200 నిమిషాలు. దాన్ని 20తో భాగిస్తే 960 షర్టులు. కానీ అది నూరు శాతం ఎఫిషియెన్సీ ఉంటేనే. కొత్త స్టైల్ లైన్‌లోకి ఎక్కిన మొదట్లో సగం వచ్చినా సంతోషమే, అంటే 480. బయ్యర్ ఆర్డర్లు చూసే మర్చండైజర్ వచ్చి "రేపటికి ఎనిమిది వందలు కావాలి" అన్నప్పుడు గొంతు పెంచకుండా జవాబు చెప్పగలిగేది ఈ భాగహారం వల్లే. ధర మాట్లాడినా, షిప్‌మెంట్ తేదీ ఒప్పుకున్నా అడుగున ఉండేది ఇదే లెక్క.

దీని తర్వాత లైన్ బ్యాలెన్సింగ్, అంటే ఏ మెషీన్ దగ్గరా పని ఆగిపోకుండా లైన్‌ను సర్దడం. అందరూ గంటకు 80 ముక్కలు కుడుతున్నా కాలర్ అటాచ్ దగ్గర 60 మాత్రమే దాటుతుంటే, ఆ లైన్ నుంచి గంటకు వచ్చేది 60 షర్టులే. మిగతావాళ్లు ఎంత ఉరికినా ఆ మెషీన్ ముందు బండిళ్లు గుట్టపడటం తప్ప లాభం లేదు. క్లాసులో ఇది పది నిమిషాల పాఠం. ఫ్లోర్‌లో మాత్రం సూపర్‌వైజర్ అరిచేది తరచుగా తప్పు మనిషి మీద. ఒక ఫ్యాక్టరీలో ఆ కాలర్ మెషీన్ మీద కూర్చునే అక్కను అందరూ స్లో అనేవాళ్లు. నేను స్టాప్‌వాచీతో పక్కన నిలబడితే "మీరు అట్ల చూస్తుంటే చెయ్యి ఆడదు మేడం" అంది. వాచీ జేబులో పెట్టుకుని ఊరికే చూస్తే విషయం తెలిసింది. కుట్టు వేగంగానే వేస్తోంది. కాలరునీ మెడనీ రెండుగా మడిచి మధ్య భాగం వెతుక్కోవడానికి ప్రతి షర్టుకూ ఆగుతోంది. ఒక హెల్పర్ చేత ముందే రెండు ముక్కలకూ చాక్‌తో సెంటర్ మార్క్ పెట్టించాం, బండిల్‌ను ఆమె ఎడమ చేతికి అందేలా జరిపాం. మధ్యాహ్నానికల్లా గుట్ట తగ్గడం మొదలైంది. మోషన్ స్టడీ, అంటే పనిలో చేతుల కదలికల్ని పరిశీలించడం, పుస్తకంలో దానికి ఆద్యులైన గిల్‌బ్రెత్ దంపతుల ఫొటోతో మొదలై గుర్తుల పట్టికతో ముగుస్తుంది. ఆ పట్టిక నాకెప్పుడూ అక్కరకు రాలేదు, చేతులు గమనించే అలవాటు వచ్చింది.

ఊళ్లో మా చిన్నాన్నకు జీన్స్ కుట్టే చిన్న యూనిట్ ఉంది. రాయదుర్గంలో ఇలాంటివి చాలా ఉన్నాయి, పక్కనే బళ్లారి కూడా జీన్స్‌కు పేరున్న ఊరే. సెలవుల్లో పోయినప్పుడు అక్కడ బాగా పనికొచ్చింది ష్రింకేజీ, అంటే గుడ్డ కుదించుకుపోయే లెక్క, పాఠం. డెనిమ్ వాష్‌కు పోయి వస్తే కుదించుకుపోతుంది. చిన్నాన్న పాత అలవాటు ప్రకారం ప్రతి రోల్‌కూ ఒకే లెక్క కలిపి కట్ చేయించేవాడు. నేను కొత్త రోల్ నుంచి ఒక ముక్క కత్తిరించి 50 సెంటీమీటర్ల చదరం గుర్తు పెట్టి వాష్‌కు పంపా. తిరిగొచ్చాక నిలువున 48 ఉంది. అంటే 4 శాతం. వాష్ అయ్యాక 30 ఇంచుల ఇన్‌సీమ్ (కాలు లోపలి వైపు పొడవు) రావాలంటే 30ని 0.96తో భాగించి 31.25 ఇంచులకు కట్ చేయాలి. వేరే రోల్‌కు ఈ లెక్క మారుతుంది. చిన్నాన్న అంతా విని, "లెక్క బానే ఉంది గానీ పార్టీ డబ్బులు ఎప్పుడిస్తాడో ఆ లెక్క కూడా చెప్పు" అన్నాడు. ఆయన అడిగింది మా సిలబస్‌లోనే లేదు. కాస్టింగ్ పేపర్‌లో గుడ్డ, దారం, జిప్పు, కుట్టుకూలి అన్నీ వేయించారు. ఉద్దెర మీద నడిచే జాబ్‌వర్క్‌లో చేతిలో డబ్బు ఆడకపోతే ఏం చేయాలో ఒక్క క్లాసూ లేదు. సొంత యూనిట్ పెట్టాలని ఈ కోర్సులో చేరేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోండి.

క్వాలిటీ పేపర్ పర్వాలేదు. ఏక్యూఎల్ 2.5 పట్టిక (లాట్‌లో ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పేది), లాట్ 1,201 నుంచి 3,200 మధ్య ఉంటే 125 పీసులు తీసి చూడటం, లోపమున్నవి 7 దాకా పాస్, 8 అయితే ఫెయిల్. ఇవి ఇప్పటికీ నోటికి వస్తాయి. ఫ్యాషన్ చరిత్ర, స్కెచింగ్ గురించి చెప్పడానికేమీ లేదు.

నాకు అసంతృప్తి మిగిలింది కంప్లయన్స్, అంటే కార్మికుల భద్రత, హక్కుల నిబంధనల పాఠం దగ్గర. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. గోడలకు పగుళ్లు ముందు రోజే కనిపించాయి, అయినా పనికి రమ్మన్నారు. మాకు దీన్ని భవన భద్రత కింద ఐదు మార్కుల ప్రశ్నగా చెప్పారు. ప్రొడక్షన్ ప్లానింగ్ పేపర్‌లో చెప్పాల్సిన పాఠం అది. షిప్‌మెంట్ టెన్షన్ తలకెక్కినప్పుడు ఫైర్ ఎగ్జిట్ ముందు ట్రాలీలు పెట్టేదీ, బాత్రూమ్‌కు పోయే ఆడవాళ్లను గద్దించేదీ మా ప్రొడక్షన్ వాళ్లమే. ఆడిట్ రోజు మాత్రం అన్నీ సర్దేస్తారు.

చేరాలనుకునేవాళ్లకు: హైదరాబాద్ నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ)లో బీఎఫ్‌టెక్ అనే నాలుగేళ్ల డిగ్రీ ఉంది, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. సీటు వస్తే మారు ఆలోచన వద్దు. అంతకాలం చదవలేనివాళ్లు ఏటీడీసీ (అపారెల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్) లాంటి చోట్ల చిన్న కోర్సులు చూడొచ్చు, సూపర్‌వైజర్ పనికి అవి చాలు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే నీరసం వస్తుంది, పోల్చుకోకండి. కన్నడ, హిందీ కొంచెం వస్తే బెంగళూరు ఫ్లోర్‌లో సగం పని తేలిక. ఎక్సెల్ మాత్రం కాలేజీ నేర్పేదాకా ఆగకుండా మీరే నేర్చుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టేముందు రెండు విషయాలు అడగండి. ఇంటర్న్‌షిప్ కుట్టు లైన్ మీదా, ఆఫీసు గదిలోనా? ల్యాబ్‌లో లాక్‌స్టిచ్, ఓవర్‌లాక్ మెషీన్లు విద్యార్థులే నడుపుతారా? రెండోదానికి జవాబు నమ్మకుండా ల్యాబ్‌లోకి పోయి చూడండి. వాడే మెషీన్ కింద దారం ముక్కలు ఉంటాయి.