బెల్‌ఫాస్ట్ పద్ధతా, ఎడిన్‌బరా పద్ధతా?

బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లాండ్ రాజధాని, ఎడిన్‌బరా స్కాట్లాండ్ రాజధాని. రెండు చోట్లా ఉన్నవి బ్రిటన్‌లోని ప్రాంతీయ ప్రభుత్వాలే. మంత్రివర్గం కట్టే తీరులో మాత్రం పొంతనే లేదు.

ఏర్పాటు
స్కాట్లాండ్: 129 మంది సభ్యుల పార్లమెంటు ఫస్ట్ మినిస్టర్‌ను (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఎన్నుకుంటుంది. మంత్రులను ఎంచుకునేది ఆయనే, కానీ సభ ఒప్పుకోవాలి.
ఉత్తర ఐర్లాండ్: శాఖలు సీట్ల బలాన్నిబట్టి, డి హాంట్ సూత్రం ప్రకారం వంతులవారీగా పార్టీలకు దక్కుతాయి. న్యాయశాఖకు మాత్రం రెండు వర్గాల (బ్రిటన్‌తోనే ఉండాలనేవారు, ఐర్లాండ్‌తో కలవాలనేవారు) సభ్యుల మద్దతూ కావాలి. 2024 ఫిబ్రవరిలో ఎనిమిది శాఖల్లో ఐర్లాండ్‌తో కలవాలనే షిన్ ఫేన్‌కు 3, బ్రిటన్‌తోనే ఉండాలనే డీయూపీకి 2, ఏ పక్షానికీ చెందని అలయన్స్‌కు 2, బ్రిటన్ పక్షానికే చెందిన యూయూపీకి 1 వచ్చాయి. ఐర్లాండ్ పక్షానికే చెందిన ఎస్‌డీఎల్‌పీ ప్రతిపక్షంలో కూర్చుంది.

శ్రమ
ఎడిన్‌బరాలో మెజారిటీ లేకపోతే ప్రతి బడ్జెట్‌కూ బేరమే. 2007లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే ఎస్‌ఎన్‌పీ 47 సీట్లతోనే నెట్టుకొచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో పంపకం తేలికే, ఆ తర్వాత బద్ధశత్రువులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే కష్టం.

ముప్పు
2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ హమ్జా యూసఫ్ గ్రీన్స్ పార్టీతో ఒప్పందం తెంచుకున్నారు, రోజుల్లోనే పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించారు. మే నెలలో జాన్ స్వినీ వచ్చారు, పాలన ఆగలేదు. బెల్‌ఫాస్ట్‌లో డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ పేరుకే డిప్యూటీ, ఫస్ట్ మినిస్టర్‌తో అధికారం సమానం. ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. అలా జరిగే 2017 నుంచి 2020 దాకా మంత్రులే లేక శాఖలను అధికారులే నడిపారు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద మూల్యం.

ఎవరికి ఏది?
నెత్తురు పారిన చోట, ఒక వర్గాన్ని బయట ఉంచితే శాంతికే ఎసరొచ్చే చోట బెల్‌ఫాస్ట్ పద్ధతి. ఓడినవాళ్లు ప్రతిపక్షంలో నిశ్చింతగా కూర్చోగలిగే చోట ఎడిన్‌బరాదే మేలు.