బాష్కిర్ ‘కోర్త్’: ఒక ఆన్‌లైన్ నిఘంటువు పుటపై సమీక్ష

ఉచితంగా వాడుకోగల ఒక బహుభాషా ఆన్‌లైన్ నిఘంటువులో బాష్కిర్ పదమైన ‘కోర్త్’కు కేటాయించిన పుటను శ్రద్ధగా చదివాను. ఉరల్ పర్వతాల దక్షిణ భాగంలో, ఉఫా రాజధానిగా ఉన్న బాష్కోర్తోస్తాన్‌లో మాట్లాడే, టర్కీ భాషకు బంధువైన ఈ తుర్కిక్ భాషలో ‘కోర్త్’ అంటే పురుగు. దాని ముందు తేనె అనే అర్థమున్న ‘బల్’ చేరి ‘బల్ కోర్తో’ అయితే, అది మన తేనెటీగ.

వ్యుత్పత్తి భాగం ఈ పుటకు ప్రాణం. పురుగు అనే అర్థమే పాతదని, టర్కీ భాషలో ‘కుర్త్’ అనే రూపం పురుగుతో పాటు తోడేలును కూడా సూచిస్తుందని వివరించి, తుర్కిక్ ప్రజల్లో ఒక శాఖ అయిన ఓఘుజ్ తెగల వారు తోడేలును ఇలా పిలుస్తారని 11వ శతాబ్దంలోనే మహమూద్ కాష్గరీ అనే పండితుడు తన తుర్కిక్ నిఘంటువులో రాసిన సంగతిని కూడా జోడించారు. తోడేలు అసలు పేరు ఎత్తడానికి భయపడి మారుపేరు పెట్టుకున్నారన్నది చాలామంది పండితుల అభిప్రాయం. బాష్కిర్లు మాత్రం తోడేలుకు పాత పేరునే ‘బ్యురె’ అన్న రూపంలో నిలుపుకున్నారు. కాబట్టి ‘బాష్కోర్త్’ అన్న జాతి నామాన్ని ‘తల తోడేలు’ అని విడదీసే ప్రసిద్ధ వివరణను తేలిన విషయంగా కాక, వివాదం ఉన్న ఊహగానే చూపడం నాకెంతో నచ్చింది.

వ్యాకరణం దగ్గర అంత తృప్తి కలగలేదు. ‘కోర్త్‌కా’ అంటే పురుగుకు, ‘కోర్త్‌తాన్’ అంటే పురుగు నుంచి అని విభక్తుల పట్టిక సరిగానే ఉంది గానీ, బహువచనం ‘కోర్త్‌తార్’ ఎందుకైందో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. బాష్కిర్‌లో బహువచన ప్రత్యయపు తొలి హల్లు ముందున్న ధ్వనిని బట్టి మారుతుంది: గుర్రం ‘అత్’ బహువచనంలో ‘అత్తార్’ అవుతుంది, గుర్రపు పిల్ల ‘కోలోన్’ ‘కోలోన్‌దార్’ అవుతుంది, ‘బ్యురె’ ‘బ్యురెల్యార్’ అవుతుంది. ఎలుగుబంటి ‘అయువ్’ ‘అయువ్‌దార్’ అయినప్పుడు ఆ ద పలకడానికి నాలుక పళ్ల మధ్యకు రావాలి. ఈ నాలుగు హల్లులకూ అచ్చుల పొంతన వల్ల, అంటే పదంలోని అచ్చులకు తగినట్టు ప్రత్యయంలోని అచ్చు మారడం వల్ల, రెండేసి రూపాలు ఏర్పడి, మొత్తం ఎనిమిది ప్రత్యయాలవుతాయి. ‘కవికి, గురువుకు’ అని అలవోకగా మార్చి పలికే తెలుగువారికి ఈ సూత్రం చెబితే వెంటనే పట్టుబడుతుంది.

అంతకన్నా పెద్ద లోటు ‘బల్ కోర్తో’ రూపావళి లేకపోవడం. చివరి ‘ఒ’ సంబంధాన్ని తెలిపే ప్రత్యయం. బహువచన ప్రత్యయం దానికి ముందే చేరి ‘బల్ కోర్త్‌తారి’ అవుతుంది. బాష్కోర్తోస్తాన్‌లోని బుర్జ్యాన్ ప్రాంతపు అడవుల్లో చెట్ల తొర్రల్లో నేటికీ తేనెటీగలను పెంచే జనం భాషలో ఇది నిత్యం వాడే మాట. ఆ పట్టిక చేరేదాకా ఈ పుటను పద చరిత్ర కోసం నిస్సంకోచంగా చదవవచ్చు. రూపాల కోసం మాత్రం ఒక బాష్కిర్ వ్యాకరణాన్ని పక్కన ఉంచుకోవాలి.