ఔటర్ బ్యాంక్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే బిల్లు చివరి వరకు చదవండి

అమెరికాలో నార్త్ కరొలినా తీరపు దీవుల వరుస ఔటర్ బ్యాంక్స్‌కు వెళ్లేవారు సముద్రం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 12.75 శాతం. అక్కడి డేర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బసకు కట్టాల్సిన పన్ను అంతే. అమ్మకం పన్ను 6.75, బస పన్ను 6. పన్ను పేరు చెప్పి అంతకు మించి అడిగితే ఆ డబ్బు సర్కారుకు పోదు.

హాటెరస్ దీవిలో ఒక పల్లెలో, సముద్రానికి వీధి ఇవతల ఇల్లు తీసుకున్నాం. అద్దె 630 డాలర్లు, శుభ్రం చేసినందుకు 150. ఏం శుభ్రం చేశారో గాని, స్నానాల గదిలో మాకంటే ముందు దిగినవారి ఇసుక అలాగే ఉంది. నాలుగు పొయ్యిల్లో రెండే వెలుగుతున్నాయి. పరుపుల మీద దుప్పట్లు లేవు, వాటికి వేరే 45 డాలర్లట. మా ఆవిడ పెట్టెలు విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయింది. అదంతా ఎలాగో దిగమింగాను. చివరికి వచ్చిన బిల్లులో ‘పన్నులు, కౌంటీ రుసుములు’ అంటూ 168 డాలర్లు వేశారు. ఫోను చేసి అడిగితే ఇంటి యజమానురాలు, “అది నా చేతిలో లేదు, కౌంటీవాళ్లనే అడగండి” అని పెట్టేసింది.

అడగకుండా ఊరుకునేవాణ్ణేమో. కానీ పక్కన మా నాన్నగారు ఉన్నారు. కోనసీమలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. “పద్దు పేరు లేని రుసుము ఎక్కడైనా ఉంటుందా? ఈ ఊరి పంచాయతీ ఆఫీసు ఎక్కడరా?” అన్నారు. వెతికితే అలాంటిదేమీ లేదు. డేర్ కౌంటీలో పురపాలన ఉన్న పట్టణాలు ఆరే: డక్, సదరన్ షోర్స్, కిటీ హాక్, కిల్ డెవిల్ హిల్స్, నాగ్స్ హెడ్, మాంటియో. ఆరూ ఉత్తరాన్నే ఉన్నాయి. దక్షిణాన హాటెరస్ దీవిలోని ఏడు పల్లెలకు మేయరూ లేడు, కౌన్సిలూ లేదు. ఎన్నికైన ఏడుగురు కమిషనర్లతో మాంటియోలో కూర్చునే కౌంటీ బోర్డే వాటికి దిక్కు. పోనీ అంతా కౌంటీదేనా అంటే అదీ కాదు. 12వ నంబరు రహదారి రాష్ట్రానిది, బీచ్‌లో చాలా భాగం కేంద్రం కింద ఉన్న నేషనల్ పార్క్ సర్వీస్‌ది. “సర్పంచ్ లేని ఊళ్లా!” అని నాన్నగారు రోజంతా విస్తుపోతూనే ఉన్నారు.

మాంటియోకు ఫోను చేశాను. ఎత్తినావిడ ఎంత ఓపికగా చెప్పిందంటే, నా కోపం సగం అక్కడే దిగిపోయింది. బస పన్ను ఆరు శాతంలో రెండు శాతం కోతకు గురవుతున్న బీచ్‌లలో ఇసుక పోయించడానికి వాడతారని, వేరే ‘కౌంటీ రుసుము’ ఏదీ లేదని తేల్చి చెప్పింది. దుప్పట్లతో సహా 825 డాలర్ల మీద లెక్కవేసినా పన్ను 105 డాలర్ల 19 సెంట్లే. ఈ లెక్క రాసి యజమానురాలికి పంపితే, క్షమాపణ మాట ఒక్కటీ లేకుండా 62 డాలర్ల 81 సెంట్లు తిరిగి వచ్చాయి. బోడీ ఐలండ్ దీపస్తంభం చూసినప్పుడు కూడా నాన్నగారి ముఖంలో అంత వెలుగు లేదు.

ఆ ఇసుకకు పన్ను ఎందుకో హాటెరస్ దీవిలోని రొడాంథీ పల్లెలో అర్థమైంది. దీవి సన్నటి ఇసుక పట్టీ. తూర్పున అట్లాంటిక్, పడమర పామ్లికో సౌండ్ (సౌండ్ అంటే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఉప్పునీటి కయ్య). 2020 తర్వాత ఇక్కడ పదికి పైగా ఇళ్లు సముద్రంలో కూలిపోయాయి. పాత రోడ్డు మాటిమాటికీ మునిగిపోతుంటే, 2022లో సౌండ్ నీళ్ల మీదుగా 2.4 మైళ్ల వంతెన వేసి దారి మళ్లించారు. హాటెరస్ దీపస్తంభాన్నయితే 1999లో ఏకంగా 2,900 అడుగులు వెనక్కి జరిపారు. “ఉప్పాడ కూడా ఇంతే, అక్కడ రాళ్లు పోశారు. వీళ్లెందుకు పోయరు?” అన్నారు నాన్నగారు. ఈ రాష్ట్రంలో సముద్రానికి ఎదురుగా గోడలు కట్టనివ్వరు. ఈ మాట ఆయనకు నచ్చలేదు.

డబ్బు పెట్టకుండా దక్కిన సుఖం పక్క దీవి ఓక్రకోక్‌కు వెళ్లే ఫెర్రీ. హాటెరస్ రేవు నుంచి కారుతో సహా ఉచితం, గంటకు పైగా ప్రయాణం. ఓక్రకోక్ వేరే కౌంటీ, పేరు హైడ్. దానికీ మునిసిపాలిటీ లేదు. కౌంటీ కేంద్రం స్వాన్ క్వార్టర్‌కు నేరుగా వెళ్లాలంటే సౌండ్ దాటే మరో ఫెర్రీలో రెండున్నర గంటలకు పైగా కూర్చోవాలి, దానికి డబ్బు కట్టాలి. జిల్లా కేంద్రానికి ఓడెక్కే జనాన్ని చూసి నాన్నగారు, “మా రోజుల్లో గోదావరి పాయలు దాటి మండలాఫీసుకు వెళ్లినట్టే” అని మురిసిపోయారు.

మిగతావి ఒక్క మాటలో: రైట్ సోదరుల స్మారకానికి మనిషికి 10 డాలర్లు, పెట్టొచ్చు. జాకీస్ రిడ్జ్ ఇసుక దిబ్బలు ఉచితం. మా ఆవిడ నవ్వింది అక్కడే. అమ్మకు హోటళ్లలో ఆలుగడ్డ వేపుడు తప్ప ఏమీ దొరకలేదు, శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి. బసకు మాత్రం మాంటియో గాని, కిల్ డెవిల్ హిల్స్ గాని చూసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. పన్ను వరుసలను విడివిడిగా రాసివ్వమని డబ్బు కట్టే ముందే అడగండి. హాటెరస్ నుంచి కార్ల ఫెర్రీకి రిజర్వేషన్ ఉండదు కాబట్టి వేసవిలో పొద్దున్నే రేవు చేరండి.